ట్యాంకర్ ముందు నా ఆత్మపరిశీలన

ట్యాంకర్ వచ్చిన పూట పద్మక్క నిలబడే నిద్రపోయిందని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు పాలు పొంగకముందే ఈ కథ చేరుతుంది. అది పచ్చి అబద్ధం. నేను నిద్రపోలేదు, కళ్లు మూసుకుని నా కోపాన్ని గమనిస్తున్నాను. ఈ రెండింటికీ తేడా తెలియని జనం మధ్య బతుకుతున్నాను కాబట్టి, ఒక పెళ్లి సంబంధాన్ని గోతి అంచుదాకా తోసిన ఆ ఘనకార్యం గురించి నేనే రాసుకోవాల్సి వచ్చింది.

మాది బుక్కరాయసముద్రం. పేరులో సముద్రం, పక్కనే అంత పెద్ద చెరువు, మా కుళాయిలో మాత్రం ఎండాకాలమంతా గాలి. ట్యాంకరే దిక్కు. దాన్ని తోలే సుంకన్న ప్రతిసారీ మా వీధి మొదట్లో ఆపి, ముందుగా వెనక వీధికి పోతానంటాడు. నేను నోరు తెరుస్తాను. అతను బండి లోపలికి తిప్పుతాడు. ఏళ్ల తరబడి ఇదే ఏర్పాటు. నా నోరు మంచిది కాదని వీధంతా అంటుంది, ట్యాంకర్ హారన్ వినబడగానే అదే వీధి నన్ను ముందుకు నెడుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ అడుగుతాను.

ఇలా ఉండగా మా అమ్మాయి చదివే కాలేజీలో తల్లిదండ్రులను పిలిచి, మనసు ఆరోగ్యం గురించి ఒక మేడమ్‌తో మాట్లాడించారు. చిన్న వయసు, పెద్ద ఓపిక. కోపం రాగానే నోరు విప్పకండి, అది ఒంట్లో ఎక్కడుందో చూడండి, దానికి పేరు పెట్టండి, దాని కింద ఇంకేముందో వెతకండి అంది. అంతసేపు వెతుకుతూ కూర్చుంటే పొయ్యి మీది కూర ఎవరు చూస్తారని లేచి అడిగాను. ఆ ఊపులో ఇంకో నాలుగు అడిగాను.

ఆమె నవ్వి, "ఇప్పుడు మీ గొంతులో కోపం ఉంది, గమనించారా అమ్మా?" అంది.

లేదన్నాను. ఎంత నెమ్మదిగా అన్నానంటే, కిటికీ మీది పావురం ఎగిరిపోయింది. హాలంతా నవ్వింది. డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసైనదాన్ని, నా కోపాన్ని నేను గమనించుకోలేనా? ఆమె చెప్పినట్టే చేసి చూపిస్తానని అక్కడికక్కడే పంతం పట్టాను.

మొదటి ప్రయోగం మా ఆయన మీద జరిగింది. సాయంత్రం ఆయన తడి తువ్వాలు మంచం మీద పడేశారు. నేను అరవలేదు. ఛాతీలో వేడి, చెవుల్లో రొద, వరసగా పేర్లు పెట్టుకుంటూ నిలబడ్డాను. ఆయన ముఖం పాలిపోయింది.

"ఏమైందే? గమ్మునుండావు?"

"ఏం లేదు. గమనిస్తాండా."

అంతే. మిక్సీ జార్ పగలగొట్టి అటక మీద దాచిన సంగతి, నాకు చెప్పకుండా మా మరిదికి ఇస్త్రీ పెట్టె ఇచ్చేసిన సంగతి, అడక్కుండానే బయటికి వచ్చేశాయి. ఇంత పదునైన ఆయుధం ఇన్నాళ్లూ తెలియలేదే అనుకున్నాను. అక్కడే చెడ్డాను.

మర్నాడు పొద్దున్నే పక్కింటి మాబున్నీ వచ్చింది. బట్టలు కుట్టి ఒంటిచేత్తో కూతురిని చదివించిన మనిషి. ఆ అమ్మాయి షాహీన్‌ను చూడటానికి పామిడి నుంచి పెళ్లికొడుకువాళ్లు వస్తున్నారట. బిర్యానీకి, చేతులు కడుక్కోవడానికి, తాగడానికి, ఇంట్లో చెంబెడు నీళ్లే ఉన్నాయట.

"నీళ్లకు కూడా గతిలేని ఇల్లనుకుంటారక్కా. ఈపొద్దు ట్యాంకర్‌ను ఇడిసిపెట్టొద్దు."

"నేనుండాను కదా, పోయి ఉల్లిగడ్డలు తరుక్కో పో," అన్నాను, గవర్నర్‌లా.

ట్యాంకర్ వచ్చింది. సుంకన్న ఎప్పటిలాగే తల బయటపెట్టి, ముందుగా వెనక వీధికి పోయి, మిగిలితే మాకు పోస్తానన్నాడు. ఆడవాళ్లంతా బిందెలు పట్టుకుని నావైపు తిరిగారు. నేను కళ్లు మూసుకున్నాను.

వేడి ఛాతీలో మొదలైంది. కోపం అని పేరు పెట్టాను. మేడమ్ చెప్పినట్టు దాని కింద వెతికాను. మా చేలో బోరు వేసినప్పటిలా ముందు అంతా దుమ్మే. ఇంకా దిగితే అవమానం, దాని కింద భయం. ఆ భయం కింద, ఎండిన బావి నుంచి ఖాళీ బిందెతో తిరిగివచ్చిన మా అమ్మ ముఖం. అక్కడ తడి తగిలింది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఒళ్లు తేలికైంది. చిరునవ్వుతో కళ్లు తెరిచి, "సుంకన్నా, నువ్వట్ల అంటే నాకు బాధగా ఉండాదప్పా," అన్నాను.

ట్యాంకర్ లేదు. కారుతున్న వాల్వు గీసిన తడి గీత వెనక వీధివైపు మలుపు తిరిగింది.

సుంకన్నను తప్పుపట్టలేం. పాపం, కాసేపు ఆగి చూశాడట. అక్క ఏమీ అనకపోతే ఒప్పుకుందనుకున్నాడట.

బిందెలతో పరుగెత్తాం. వెనక వీధిలో అప్పటికే పైపు దించాడు. సుగుణం అలవాటైపోయింది కదా, నేను మళ్లీ మెల్లగా, నాకు బాధగా ఉందన్నాను. అతను కంగారుగా బండి దిగి, "యాడ నొప్పక్కా? ఆస్పత్రికి పోదామా?" అన్నాడు.

ఉల్లిగడ్డ చేతులతోనే వచ్చిన మాబున్నీ నా చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు ఉల్లిగడ్డలవి కావు.

"నీ కాళ్లు మొక్కుతానక్కా. తిట్టు."

తిట్టాను. నిన్నటినుంచి పేర్లు పెట్టి పక్కన పెట్టినవన్నీ కలిపి తిట్టాను. సుంకన్నను, అతని వాల్వును, వెనక వీధిని, వానలు కురిపించని మేఘాలను. సుంకన్న ముఖం తేటపడింది. "అట్లా చెప్పక్కా, నాకు భయమైపోయింది," అంటూ పైపు చుట్టి, మిగిలిన నీళ్లతో బండి మావైపు తిప్పాడు. సరిగ్గా నా గొంతు మేఘాల దగ్గర ఉన్నప్పుడే పామిడి ఆటో మలుపు తిరిగి ఆగింది. పెళ్లికొడుకు తల్లి దిగి నన్ను కిందినుంచి పైదాకా చూసింది. మాబున్నీ కొంగు నోట్లో కుక్కుకుంది. సంబంధం పోయిందనే అనుకున్నాం.

ఆ పెద్దావిడ మాబున్నీ వైపు తిరిగి, "పెన్న ఏటి పక్కనే ఉండి మాకూ ఇదే గతి అమ్మా. అమ్మాయి నచ్చితే పెండ్లి తేదీ పెట్టుకుందాం గానీ, ఈమెను కూడా ఒక ఎండాకాలం మా వీధికి పంపిస్తారా?" అంది.

షాహీన్ పెళ్లి జరిగింది. నన్ను పంపలేదు.

ఇందుమూలంగా నా డిగ్రీ మీద ఒట్టేసి ప్రమాణం చేస్తున్నాను: ట్యాంకర్ హారన్ వినబడేంత దూరంలో ఆత్మపరిశీలన చేయను. డ్రమ్ములు నిండాక మెట్టు మీద కూర్చుని చేస్తున్నాను. నిజం చెప్పాలంటే, బాగానే ఉంటుంది. కోపం వచ్చినప్పుడు అమ్మ బిందె కనబడుతుంది, సగం కోపం అక్కడే దిగిపోతుంది. కానీ ఆ మేడమ్ మళ్లీ వస్తే లేచి ఒక్కటే అడుగుతాను. వీధి మొత్తానికీ నా కోపమే కావాల్సివచ్చినప్పుడు, దాన్ని నేనొక్కదాన్నే కూర్చుని ఎందుకు గమనించుకోవాలి?