ఎలా మాష్టారు

పటమట ఎలిమెంటరీ స్కూల్లో నాలుగో తరగతి చెప్పే పాండురంగయ్య మాష్టారికి ఒకటే జబ్బు. ఎవరేం చెప్పినా "ఎలా?" అని అడక్కుండా ఉండలేరు. వాక్యంలో క్రియ ఉండి, దాని పక్కన క్రియావిశేషణం లేకపోతే అన్నంలో రాయి తగిలినట్టు బాధపడిపోతారు. ఊళ్ళో అందరూ ఆయన్ని "ఎలా మాష్టారు" అనేవారు. ఎదురుగానే అనేవారు. ఆయనేమీ కోప్పడేవారు కాదు. "ఎలా అంటున్నావు? ప్రేమగానా, వెటకారంగానా?" అని ఆరా తీసేవారు.

హనుమాన్ జంక్షన్ నుంచి కొత్త ఉద్యోగానికి వచ్చిన మార్త టీచరుకి మొదటి రోజే ఆ జబ్బు తెలిసొచ్చింది.

"నమస్కారమండీ. నేను మార్తని. నిన్న సాయంత్రం వచ్చాను" అంది.

"ఎలా వచ్చారు?"

"బస్సులోనండీ."

"అది వాహనం తల్లీ! నేనడిగేది తీరు. హాయిగా వచ్చారా, అవస్థగా వచ్చారా?"

యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సు. దారిలో నాలుగుసార్లు దిగి తోశారు. మార్తకి నిన్నటి కోపం ఇంకా చల్లారలేదు. "ఉసూరుమంటూ వచ్చానండీ!" అంది.

మాష్టారి మొహం వెలిగిపోయింది. "ఆహా! ఇదీ మాటంటే! మీరు పైకొస్తారు" అని దీవించి వెళ్ళిపోయారు.

పాలు పోసే బుల్లెమ్మ కథ మార్తకి ఊళ్ళోవాళ్ళు ఆ వారంలోనే చెప్పారు. ఆమె ఒకనాడు ఆలస్యంగా వచ్చి, "గేదె తన్నిందండీ" అందట.

"ఎలా తన్నింది?"

"కాలితోనండీ."

"కాలితో కాక కొమ్ముతో తంతుందా? చటుక్కున తన్నిందా, ఫెడేలున తన్నిందా, తీరిగ్గా ఆలోచించుకుని తన్నిందా?"

బుల్లెమ్మ కాసేపు తల గోక్కుని, "ఆలోచించుకునే తన్నిందండీ. నిన్న తవుడు తగ్గించాను మరి" అందట. ఆ పూట మాష్టారు పాలు తక్కువైనా పట్టించుకోలేదట.

పరామర్శకు వెళ్ళిన కథ ఇంకా ఘోరం. "మా నాన్నగారు పోయారండీ" అని ఆ ఇంటాయన కళ్ళొత్తుకుంటే, మాష్టారు "ఎలా పోయారు?" అన్నారు. ఆయన ప్రశ్న సమయానికి తగినట్టు పడింది జన్మలో ఆ ఒక్కసారే. అక్కడితో ఆగితే బాగుండేది. "హఠాత్తుగానా, ప్రశాంతంగానా, అయిష్టంగానా?" అని మూడు మాటలిచ్చి ఒకటి ఎంచుకోమన్నారు. మాష్టారి భార్య సీతారావమ్మ మోచెయ్యి పట్టుకుని ఆయన్ని బయటికి తీసుకొచ్చింది. ఎలా తీసుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక తరగతి సంగతి. బోర్డు మీద ఒక వాక్యం రాసి మధ్యలో ఖాళీ వదిలేవారు. కింద మూడు మాటలిచ్చేవారు. ఊరికే ఎంచుకుంటే ఒప్పుకోరు, చేసి చూపించాలి. "కోటిలింగం నీళ్ళకుండ ___ దించాడు. మెల్లగా, విసురుగా, దభాలున." కోటిలింగం బుద్ధిమంతుడు. మూడూ ప్రయత్నించి గానీ జవాబు చెప్పలేదు. ఆ నెలలో స్కూలుకి మూడో కుండ అది.

స్కూలు మేనేజరు బసవపున్నయ్య బెజవాడలో బట్టల వ్యాపారి, కాపురం పటమటలోనే. నవ్వు తక్కువ, తొందర ఎక్కువ. ఆయన మార్తని పిలిపించాడు.

"చూడండి టీచరుగారూ, ఆ మాష్టారు ఏడాదంతా ఒక్క పాఠమే చెబుతున్నాడంటున్నారు. లెక్కల్లేవు, భూగోళం లేదు. పైగా క్లాసు మధ్యలో పిల్లల్ని తన ఇంటికి పంపిస్తున్నాడంట. మీరు వారం రోజులు చూసి ఉన్నదున్నట్టు నాకు రాసివ్వండి. బాలేదంటే ఈ నెలాఖరుకి ఆయన్ని పంపించేసి, ఆ క్లాసు మీకిస్తాను."

మార్తకి ఆ క్లాసు మీద ఆశ లేదు. అబద్ధం రాయడం మాత్రం చేతకాదు. ఆ వారం రోజులూ మాష్టారి తరగతి గుమ్మం పక్కన కూర్చుంది.

హాజరు వేసే తీరు చూసి ఆమె తెల్లబోయింది. పేరు పిలవడం, "అన్నం తిన్నావా?" అనడం, "తిన్నానండీ" అనిపించుకోవడం, వెంటనే "ఎలా తిన్నావు?" అనడం. నలభైమందికీ ఇదే వరస. ముప్పావుగంట పట్టేది.

"గబగబా తిన్నానండీ, మా అన్నయ్య లాక్కుంటాడని."

"భేష్!"

"ముక్కు మూసుకుని తిన్నానండీ. కాకరకాయ పులుసండీ."

"శభాష్! నువ్వు?"

నేతపేట నుంచి వచ్చే నాగమల్లేశ్వరి లేచి నిలబడింది. తొమ్మిదేళ్ళుంటాయి. జడ నున్నగా దువ్వి, గౌను ఉతికి, ఎంతో శుభ్రంగా ఉంది.

"బాగా తిన్నానండీ."

అంతే, మాష్టారు మండిపడ్డారు. "బాగా! ఎప్పుడు చూసినా బాగా! ఏడాది నుంచి మొత్తుకుంటుంటే నీకు వచ్చింది ఇదా? నీకు అభ్యాసం చాలదు. పలక తీసుకుని మా ఇంటికి పో. మా ఆవిడ దగ్గర ఈ వాక్యం పూర్తిచేసి గానీ రాకు!"

పిల్ల తలొంచుకుని పలక పట్టుకుని వెళ్ళింది. అరగంటకి తిరిగొచ్చింది. చేతులు తడిగా ఉన్నాయి.

మర్నాడు ఇంకో ఇద్దరు వెళ్ళారు. వాళ్ళూ నేతపేట పిల్లలే. వాళ్ళ చేతులూ తడే. ఆ తర్వాతరోజు మళ్ళీ నాగమల్లేశ్వరి. మార్తకి ఒళ్ళు మండింది. పిల్లలచేత నీళ్ళు మోయించే అయ్యవార్లనీ, అంట్లు తోమించే అయ్యవారమ్మల్నీ ఆమె చిన్నప్పుడే చూసింది. తనూ తోమింది. ఇంటికెళ్ళి కాగితం తీసి మొదటి వాక్యం రాసింది: "పాఠం నెపంతో మాష్టారు పేదపిల్లలచేత ఇంటి చాకిరీ చేయించుకుంటున్నారు."

రాసిందేగానీ, కళ్ళారా చూడకుండా సంతకం పెట్టడానికి మనసొప్పలేదు. మర్నాడు నాగమల్లేశ్వరి పలక పట్టుకుని బయల్దేరగానే, తనూ నాలుగడుగుల వెనక నడిచింది. దారి నేతపేట మీదుగానే. సర్కారు నూలుని కంట్రోలులో పెట్టి, నేతగాళ్ళకి దొరక్కుండా పోయిన దగ్గర్నుంచి ఆ పేటలో మగ్గాల చప్పుడు ఆగిపోయింది. పొయ్యిల పొగ కూడా పెద్దగా కనిపించలేదు.

మాష్టారి పెరటి వసారాలో అంట్లు లేవు. అరిటాకు ఉంది. దాని ముందు నాగమల్లేశ్వరి మఠం వేసుకుని కూర్చుంది. పక్కన పలక మీద మాష్టారి దస్తూరీ: "మల్లి పప్పన్నం ___ తిన్నది."

సీతారావమ్మ గరిటె పట్టుకుని పరీక్ష పెడుతోంది. "ఇందాక గబగబా తిన్నావు. కుదిరిందా?"

"కుదర్లేదు పిన్నిగారూ. పొలమారింది."

"అయితే ఇప్పుడు నెమ్మదిగా తిని చూడు. ఉండు, నెయ్యి వెయ్యనీ. నెయ్యి లేకుండా నెమ్మదిగా ఎలా తింటావు?"

"ఇష్టంగా అన్నది కూడా ఉందండీ."

"దానికి ఇంకో గరిటె పెట్టాలి. తొందరపడకు, వరసలో రానీ."

గుమ్మంలో మార్తని చూసి పిల్ల గబుక్కున చెయ్యి వెనక్కి దాచుకుంది. "నేను ఇంటిదగ్గర తినే వచ్చానండీ టీచరుగారూ! ఇది పాఠం కోసం తింటున్నానండీ!"

మార్త పలక మీదికి వంగి చదివింది. "తెలుసమ్మా. పాఠమేగా. తిను" అంది. సీతారావమ్మ పిల్ల చెయ్యి కడిగించి పంపేదాకా అక్కడే స్తంభానికి ఆనుకుని నిలబడిపోయింది. తను రాసిన వాక్యం గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది.

సాయంత్రం బడి వదిలాక మాష్టారితో, "మీ ఇంటికి వెళ్ళానండీ" అంది.

మాష్టారు ఎలా అని అడగలేదు. సుద్దముక్క కింద పెట్టి, చేతులు దులుపుకున్నారు.

"నేనూ మగ్గం ఇంట్లో పుట్టినవాణ్ణే మార్తమ్మగారూ. బయటివాళ్ళు అన్నం తిన్నావా అంటే తిన్నానని చెప్పాలి. మా అమ్మ నాకు ఓంకారం కంటే ముందు నేర్పిందది. ఏ తల్లయినా మా పేటలో అదే నేర్పుతుంది. తిన్నావా అని అడిగితే ఈ పిల్లల దగ్గర నిజం రాదు. ఎలా తిన్నావంటే, తిన్నవాడు కథలు చెబుతాడు. తినని పిల్ల బాగా అంటుంది. పాపం, దానికి ఇంకేం తోస్తుంది?"

"ఇదంతా మేనేజరుగారికి రాస్తానండీ. రాస్తే మీ ఉద్యోగం..."

"అమ్మమ్మా, రాయకండి!" మాష్టారు నిజంగానే భయపడ్డారు. "రాస్తే పేటకి తెలుస్తుంది. ధర్మం తిండి అని తెలిస్తే ఆ తల్లులు రేపట్నుంచి పిల్లల్ని బడికే పంపరు. నా ఉద్యోగం పోతే పోనీండి, ఆ పిల్లల పాఠం పోకూడదు."

మార్త ఆ రాత్రి హాజరు పట్టీ ఇంటికి తీసుకెళ్ళి ముందేసుకుంది. నిజం రాస్తే పిల్లలు మానేస్తారు. రాయకపోతే మాష్టారు పోతారు, ఆయనతోపాటు అరిటాకూ పోతుంది. చివరికి పాత కాగితం చింపేసి, కొత్తది రాసి, శనివారం పొద్దున్నే బసవపున్నయ్య కొట్టుకి వెళ్ళి చేతికిచ్చింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివాడు. "క్రియావిశేషణాల పాఠంలో పద్దెనిమిదిమంది పిల్లలు బాగా వెనకబడి ఉన్నారు. వారికి మాష్టారి ఇంటివద్ద రోజూ అభ్యాసం చాలా అవసరం. ఈ పాఠం ఇంకా ఒక సంవత్సరం కొనసాగించవలెను. వెనకబడినవారి పేర్లు ఈ దిగువన..."

"ఏడాదా! అంత కష్టమా ఈ పాఠం?"

"చాలా కష్టమండీ."

"దీన్ని ఇంటిదగ్గర నేర్పాలా? బళ్ళో కుదరదా?"

"కుదరదండీ. మధ్యాహ్నం లోపల, ఇంటిదగ్గరే నేర్పాలండీ."

బసవపున్నయ్య విసుగ్గా పేర్ల మీదికి వేలు పోనిచ్చాడు. మొదటి పేరు దగ్గర వేలు ఆగింది. రెండో పేరు దగ్గరా ఆగింది. పద్దెనిమిదీ నేతపేట ఇంటిపేర్లే. వాళ్ళ నాన్నలు నేసిన చీరలు ఇరవయ్యేళ్ళు అమ్మినవాడు. నూలు లేక ఆర్నెల్లుగా ఆ పేట నుంచి తన కొట్టుకి ఒక్క బట్టల తాను కూడా రాలేదన్న సంగతి ఆయనకి తెలియంది కాదు. ఆ బట్ట రాని ఇళ్ళలో పొద్దున పొయ్యి ఎలా వెలుగుతుందో మాత్రం ఆయనెప్పుడూ ఆలోచించలేదు.

కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మాష్టారిని ఉండనివ్వండి" అన్నాడు. మార్త నమస్కారం పెట్టి మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచాడు. "టీచరుగారూ! పద్దెనిమిదిమందికి ఒక్క ఇల్లు సరిపోదు కదా. సోమవారం నుంచి ఓ ఆరుగుర్ని మా ఇంటికి పంపండి. మా ఆవిడకి ఆ పాఠం వచ్చు."

సోమవారం ఆరు పలకలూ బారుగా మేనేజరుగారి పెరట్లోకి నడిచాయి. వాటి వెనకే మార్త వెళ్ళింది. మేనేజరుగారి భార్య రాఘవమ్మ ఆరు ఆకులు వేసి, కొంగు నడుముకి బిగించి, కంగారుగా ఎదురొచ్చింది.

"మా ఆయన పాఠమనే చెప్పారు గానీ వివరం చెప్పలేదమ్మా" అంది గొంతు తగ్గించి. "ఈ పాఠంలో పెరుగు కూడా ఉందా?"

"ఉందండీ" అంది మార్త. "ఆఖర్న వస్తుంది."