వాడకు పెట్టిన తోటకు తాళం

కోరుట్లలో బీడీ కార్మికుల వాడలో, మా ఇంటికి ఎదురుగా ఒక ఖాళీ స్థలం ఉంది. నిరుడు ఒక కళాశాల విద్యార్థులు సేవా కార్యక్రమం కింద దానిని చదును చేసి వంగ, టమాట మొక్కలు నాటారు. కాయలన్నీ వాడ ఆడవాళ్లవేనని మైకులో ప్రకటించారు. వేసవిలో ఆ ఇళ్లకు కూరగాయలు అరుదు. తాడు పట్టి నాటినట్టున్న వరుసలను చూసి, జీవితమంతా బడి నడిపిన నేను కూడా సంతోషించాను.

ఆ సాయంత్రమే కంచెకు గేటు బిగించి తాళం వేశారు. తాళంచెవి వారిని తీసుకొచ్చిన అధ్యాపకుడి జేబులోకి వెళ్లింది. నీళ్లు విద్యార్థులే పోయాలట. ఇతరులు పోస్తే వారి సేవా గంటలు, వాటి మార్కులు లెక్కకు రావట!

సెలవులకు పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయారు. తాళం మాత్రం కదలలేదు. వాడ ఆడవాళ్లు బీడీలు చుట్టే తునికాకు నానబెట్టగా మిగిలిన నీళ్లను రోజూ కంచె సందుల్లోంచి పోసేవారు. అవి కంచె పక్క వరుసకే అందేవి. ఆ ఒక్క వరుస పచ్చగా నిలిచింది. నడుమ వరుసలన్నీ నా కళ్లెదుటే ఎండిపోయాయి. అధ్యాపకుడికి ఫోన్ చేశాను.

"తనిఖీ అయ్యేదాక తెరవద్దు సార్. వాడోళ్లు వస్తే అన్ని తెంపుకపోతరు" అన్నాడు.

ఎవరి కోసం నాటారో వారినే దొంగలుగా చూసే సేవ ఏమి సేవ?

సెలవుల తరువాత ఆయన విద్యార్థులతో వచ్చి, గేటు తెరిచి, సరిగ్గా ఆ పచ్చని వరుస వెనుకే వారిని నిలబెట్టి తనిఖీకి పంపే ఫొటోలు తీయసాగాడు. రోజూ నీళ్లు పోసిన మా పక్కింటామె గేటు దగ్గరికి వచ్చింది.

"ఫొటో మంచిగస్తున్నదా సారూ? గా ఎండినయి గూడ తియ్యుండ్రి. గవి గూడ మీ సేవనే గదా."

"నువ్వు జర జరుగమ్మా, అడ్డమస్తున్నవ్."

"పిల్లలకు మార్కులచ్చె. మాకేమో కట్టెలు మిగిలె. ఇగ నేనే అడ్డమా?"

నేను వెళ్లి గేటుకు వేలాడుతున్న తాళాన్ని తాళంచెవితో సహా తీసి ఆమె చేతిలో పెట్టాను.

"సార్, పద్ధతి ప్రకారం..." అంటూ అధ్యాపకుడు నా వైపు వచ్చాడు.

"పద్ధతి నాకు నేర్పకండి. వాడకు ఇచ్చామని మైకులో చెప్పినవారు మీరే. ఇప్పుడు ఇవ్వండి."

పక్కింటామె తాళంచెవిని కొంగున ముడివేసుకుని లోపలికి నడిచి, ఎండిన మొక్కలు పీకడం మొదలుపెట్టింది. ఒక విద్యార్థిని ఆమె దగ్గరికి వెళ్లింది.

"మేమేం చెయ్యాలె అక్కా?"

"మెంతులు జల్లుదాం. ఫోన్లు లోపట పెట్టి బకెట్లు పట్టుకరాండ్రి."