పెరుగు రాని గది

మా వదినకు నోరు ఎక్కువ. ఆడపడుచుని కదా, ఇలా అనక ఇంకెలా అంటాననుకుంటారు. అనుకోండి, నాకేం! వీధి మలుపులో మా అన్నయ్యా వదినా నడిపే పాల దుకాణంలో పెరుగు కొన్నవాళ్లను ఎవరినైనా అడిగి చూడండి. పెరుగుతో పాటు ఓ సలహా కూడా మోసుకుని ఇంటికి వెళ్లామనే చెబుతారు. కడుపు ఉబ్బరమా, పెరుగు. ఒంటి మీద దద్దుర్లా, పెరుగు. నిద్ర పట్టడం లేదా, దానికీ పెరుగే. వీధి వీధంతా ఆమెను పెరుగక్క అని పిలిచేది.

ఆ పెరుగు ఆమెకు వాళ్లమ్మ దగ్గర నుంచి వచ్చింది. కాపురానికి వచ్చినప్పుడు బట్టల పెట్టె నా చేతిలో పడేసి, తోడు పెరుగు గిన్నె మాత్రం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది మహాతల్లి. రోజూ సాయంత్రం గోరువెచ్చని పాలలో నిన్నటి పెరుగు కాస్త కలిపి తోడు పెట్టడం, రేపటి కోసం కాస్త పక్కన ఉంచడం. వాళ్లమ్మ పోయాక ఆ గిన్నెను మమ్మల్ని తాకనిచ్చేది కాదు. అడిగిన వాళ్లకు మాత్రం ఓ చెంచా తోడు సంతోషంగా ఇచ్చేది. ఎదురింట్లో ఇస్త్రీ కొట్టు పెట్టుకున్న ఆవిడ కూడా అలాగే తీసుకెళ్లి, ఇంట్లో పెట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆ ఇస్త్రీ ఆవిడ చంటిపాపకు ఒకసారి విరేచనాలు పట్టుకున్నాయి. "డాక్టరెందుకే, డబ్బు దండగ! నా పెరుగు పెట్టు, చిటికెలో కట్టేస్తుంది" అంది వదిన. ఆ పిచ్చిది నమ్మింది. పాప తోటకూర కాడలా వాడిపోయి, ఆసుపత్రిలో సెలైను ఎక్కించుకుని, చావు తప్పి ఇల్లు చేరింది. ఇస్త్రీ ఆవిడ దుకాణం ముందుకు వచ్చి నలుగురిలో కడిగిపారేసింది. మా వదిన తగ్గిందా? "నువ్వే సరిగ్గా పెట్టి ఉండవు" అంది. ఆనాటి నుంచి ఎదురెదురు ఇళ్లలో ఉంటూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అలాంటి మనిషికి ఎముకల మూలుగలో జబ్బు వచ్చింది. ఉన్న రక్తకణాలను మందులతో తుడిచిపెట్టి, కొత్తవి పుట్టుకొచ్చేదాకా అద్దాల గదిలో ఉంచాలన్నారు ఆసుపత్రిలో.

ఆ గది చూస్తే బయట నిలబడ్డ నాకే ఊపిరాడలేదు. దానికి రెండు తలుపులు, ఒకటి మూసుకుంటే గానీ రెండోది తెరుచుకోదు. కిటికీ ఉంది గానీ తెరవడానికి గడియ లేదు. పైనుంచి గాలి యంత్రం పగలూ రాత్రీ ఒకటే హోరు. పువ్వు పనికిరాదు, పచ్చికూర పనికిరాదు. తిండి మూతపెట్టిన ట్రేలో ఉడికి ఉడికి పాలిపోయి వస్తుంది. మేం వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, గోడకున్న ఫోను ఎత్తి, అద్దంలోంచి ఆమెను చూస్తూ మాట్లాడాలి.

"నన్నెందుకే ఇలా సీసాలో పెట్టి మూత బిగించారు?" అంది మొదటిరోజే. నవ్వుతూనే అంది గానీ చెయ్యి అద్దాన్ని తడుముతూనే ఉంది. ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని చూస్తున్నట్టు అనిపించి నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత రోజూ ఫోనులో ఒకటే ప్రశ్న. "తోడు పెట్టావా?"

"నీ మొగుడు తిన్నాడో లేదో అడగవేం?"

"ఆయన తినకుండా ఎక్కడుంటాడు గానీ, తోడు పెట్టావా లేదా చెప్పు."

నేను పగలంతా టైలరింగ్ షాపులో మిషను తొక్కి, అక్కడి నుంచి ఆసుపత్రికి పరుగెత్తి, ఇంటికొచ్చి పాలు కాచి చల్లార్చి ఆవిడగారి గిన్నెకు సేవ చేయాలి. ఒళ్లు మండిపోయేది. అయినా ఒక్క పూట మానలేదు. ఎందుకంటే జుట్టు రాలిపోయినా, నోరంతా పుళ్లు పడినా ఆమె అనే మాట ఒకటే. "ఇక్కడి నుంచి బయటపడి మా అమ్మ పెరుగు ఒక్క ముద్ద తింటే చాలే. దానికోసమే ఓర్చుకుంటున్నా." ఆ గదిలో ఆమె ప్రాణం ఆ ఒక్క ఆశ మీదే నిలబడింది.

జ్వరాలు మొదలయ్యాయి. జ్వరానికి యాంటీబయాటిక్ మందులు, ఆ మందులకు కడుపు అల్లకల్లోలం. ఒకరోజు వదిన గొంతు తగ్గించి, "మందు సీసా ఒకటి బాగా కడిగి, అందులో ఒక్క చెంచా పెరుగు పోసి పంపవే. నర్సుకు తెలియకుండా మింగేస్తా" అంది. నేను ఫోను పెట్టేసి తిన్నగా డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాను. చాడీలు చెప్పాననుకున్నా సరే.

డాక్టరమ్మ వచ్చి ఫోను స్పీకరు నొక్కింది. "అమ్మా, మీ పెరుగు మీద నాకు పగేం లేదు. మన పేగుల్లో లెక్కలేనన్ని సూక్ష్మజీవులు కాపురముంటాయి. చెడ్డవి వస్తే చోటివ్వవు. పేగు గోడను గట్టిగా ఉంచుతాయి. ఒంట్లో కాపలా కాసే కణాలకు ఎవరి మీద పడాలో, ఎవర్ని వదిలెయ్యాలో నేర్పడంలో వాటి చెయ్యి చాలా ఉంటుంది. పెరుగులో ఉండేవి చాలావరకు వచ్చిపోయే చుట్టాలు. ఉన్నన్నాళ్లూ పనిలో ఓ చెయ్యి వేసి వెళ్లిపోతాయి."

"మరి ఆ చుట్టాల్ని రానివ్వరేం?" అంది వదిన.

"ఇప్పుడు మీ ఇంటికి తలుపుల్లేవమ్మా. మందులకు పేగు గోడ పుండైంది. కాపలా కణాలు ఇంకా పుట్టలేదు. ఆ చుట్టం దారి తప్పి రక్తంలో పడితే ఆపే దిక్కు లేదు. మామూలప్పుడు మంచి చేసేదే ఇప్పుడు ప్రాణం మీదికి తెస్తుంది."

"పెరుగు ఎవరికీ చెడు చెయ్యదు" అంది వదిన మొండిగా. డాక్టరమ్మ ఫోను పెట్టబోయింది. అంతలో వదినే మళ్లీ అడిగింది. "పోనీ చంటిపిల్లలకి విరేచనాలైతే? పెరుగు సరిపోదా?"

"తినే వయసు పిల్లయితే పెట్టొచ్చు. కానీ ముందు ఒళ్లు ఎండిపోకుండా ఓఆర్ఎస్ నీళ్లు తాగించాలి. పిల్ల వాడిపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి. పెరుగుంది కదా అని ఇంట్లో కూర్చుంటే పిల్ల దక్కదు."

వదిన ఫోను పెట్టేసి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆమె మనసులో ఏ పిల్ల మెదిలిందో నాకు తెలుసు. ఆ తర్వాత పెరుగు పంపమని మళ్లీ అడగలేదు. తోడు సంగతి అడగడం మాత్రం మానలేదు.

ఎట్టకేలకు కణాలు పుంజుకున్నాయి. ఇంటికి పంపుతున్నాం, ఇల్లు శుభ్రంగా ఉంచండి, సూక్ష్మజీవులతో జాగ్రత్త అన్నారు. ఆ మాట మా అన్నయ్య చెవిలో పడింది. నేను మిషను దగ్గర ఉన్నప్పుడు గోడలు తుడిచాడు, మంచం కోళ్లు తుడిచాడు, వంటింట్లో గిన్నెలన్నీ మరిగే నీళ్లలో వేసి, బ్లీచింగు పెట్టి తోమేశాడు. తోడు గిన్నె కూడా. నేను వచ్చేసరికి అది అద్దంలా మెరుస్తూ బోర్లించి ఉంది.

"అన్నయ్యా, ఇందులో పెరుగేదీ?"

"సూక్ష్మజీవులన్నారు కదే..." అన్నాడు. నా మొహం చూశాక గానీ ఏం చేశాడో అతనికి తెలిసిరాలేదు. గుమ్మంలోనే చతికిలబడ్డాడు. ఏమని తిట్టను? భయంతో చేశాడు పాపం. దుకాణంలో అమ్మే పెరుగు కూడా ఆ గిన్నె నుంచే, ఆ దుకాణం మూతపడి నెలలైంది. ఇక గత్యంతరం లేక బజారు పెరుగు తెచ్చి తోడు పెట్టాను.

ఇంటికొచ్చినా వదినకు చెర తప్పలేదు. అన్నయ్య గేటుకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకునేవాడు. ఎవరొచ్చినా గేటు బయట నుంచే పంపించేసేవాడు. ఆమె ముట్టుకున్నదల్లా వెనకే వచ్చి తుడిచేవాడు. "అద్దం ఒక్కటే తక్కువ" అనేది వదిన, కిటికీ పట్టుకుని వీధిలోకి చూస్తూ.

చివరికి డాక్టరమ్మ ఇంటి పెరుగు తినొచ్చంది, కాస్త నడవమని కూడా చెప్పింది. ఆరోజు వదిన తల దువ్వుకోవడానికి జుట్టు లేకపోయినా మొహం కడుక్కుని, మంచి చీర కట్టుకుని కూర్చుంది. నేను పెరుగు వడ్డించాను. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, అలాగే ఆగిపోయింది.

"ఇది మా అమ్మది కాదు."

అన్నయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. జరిగిందంతా చెప్పాడు. వదిన తిడుతుందని ఎదురుచూశాం. తిట్టినా బాగుండేది. కంచం పక్కకు జరిపి, కిటికీలోంచి ఎదురింటి వైపు చాలాసేపు చూసింది. తర్వాత లేచి, మాస్కు కట్టుకుని, ఖాళీ గిన్నె తీసుకుంది.

"తాళంచెవి ఇవ్వండి."

"బయట దుమ్ము, జనం..."

"ఇవ్వండి అంటున్నానా!"

ఇచ్చాడు. నేను వెంట నడిచాను. వీధి దాటడానికే ఆమెకు ఆయాసం వచ్చింది. ఇస్త్రీ ఆవిడ మమ్మల్ని చూసి, ఇస్త్రీపెట్టె ఎత్తి నిలబెట్టింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"పాపకి డాక్టరొద్దన్నది నేనే" అంది వదిన గుమ్మంలో నిలబడి. "నువ్వు సరిగ్గానే పెట్టావు. తప్పు నాది."

ఆవిడ వదిన చేతిలోని గిన్నె వైపు చూసింది. "తోడుకా?"

"ఉంటే."

"పెరుగు మీద నాకు కోపమేముంది? కోపం నీ నోటి మీద" అని ఆ గిన్నె అందుకుని లోపలికి వెళ్లి, నిండా పెరుగుతో వచ్చింది. మూత తీసి చూసిన వదిన కళ్లలో నీళ్లు తిరిగాయి. అది వాళ్లమ్మ పెరుగే.

చెయ్యి చాపితే ఆవిడ ఇవ్వలేదు. గిన్నెను వెనక్కి లాక్కుని, నెత్తి మీది గుడ్డ నుంచి మాస్కు దాకా వదినను ఎగాదిగా చూసింది.

"ముందు డాక్టర్ని అడిగావా?"

"అడిగాను."

"నిజంగా?" అని నా వైపు తిరిగింది. నేను తలూపాక గానీ ఆవిడ గిన్నె వదల్లేదు.