సంతకం నాదన్న దేవసహాయం గారు

దేవసహాయం గారు ప్రభువునందు నిద్రించారన్న కబురు సాక్చి బజారులో కూరలు బేరమాడుతుండగా విన్నాను. ఏరిన వంకాయలు అక్కడే వదిలేసి సైకిలెక్కాను. సిద్ధగోరాలో వారి క్వార్టరు చేరేదాకా నా నోట ప్రార్థన రాలేదు. రెండేళ్ళుగా సంఘానికి చెప్పవలసిన మాటొకటి నాలోనే ఉండిపోయింది.

ఆయన కర్మాగారంలో క్రేను నడిపేవారు. మన తెలుగు సంఘం అద్దెగదిలో కూడుకున్న నాటి నుంచీ సంఘపెద్దగా సేవ చేశారు. జీవితంలో మద్యం ముట్టలేదు. ముట్టేవారిని అసహ్యించుకోనూ లేదు. జీతాల రోజున దారిలో పడిపోయినవాణ్ణి రిక్షా ఎక్కించి, తానూ పక్కన కూర్చుని ఇంటికి చేర్చేవారు. మర్నాడు ఆ మనిషి ఎదురైతే ఆ ఊసే ఎత్తేవారు కాదు.

ఆయన డిపార్ట్‌మెంటు హెడ్ మిస్త్రీ రిటైరవుతుంటే పనివారు విందు తలపెట్టారు. మందు లేకుండా కుదరదన్నారు. అంతకు ముందొక విందులో అనుమతి లేకుండా పోయించి ఇద్దరు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. అందుకని ఈసారి ఎక్సైజు ఆఫీసులో ఒక్కరోజు పర్మిట్టు తీసుకోదలిచారు. దానికి, చివరిదాకా అక్కడే ఉండి జవాబు చెప్పుకునే మనిషి సంతకం కావాలి. తాగనివాడు ఆయనొక్కడే కనుక అందరూ ఆయన్నే పట్టుకున్నారు.

నేను బడిపంతుల్ని. ఇంగ్లీషులో అర్జీ రాసిపెట్టమని నా దగ్గరికి వచ్చారు. మీకెందుకీ గొడవ అన్నాను.

"తాగొద్దని సెప్పేను, ఇన్నారు కాదు. జైలుకెల్లకండని కూడా సెప్పకపోతే ఎలాగ తమ్ముడూ?"

టైపు చేస్తూ ఆయన పేరు కింద 'క్రైస్తవ సంఘపెద్ద' అని నేనే చేర్చాను. అధికారి నమ్ముతాడని నా తెలివి. చదివి వినిపిస్తే ఆయన మొహం మారింది.

"అదొద్దు, తీసీ. మందు కాయితం మీద సంఘం పేరేటి?"

ఏం కాదన్నాను. మళ్ళీ టైపు చేయడానికి బద్ధకించాను. చదువుకున్నవాడి మాట కదా అని ఆయన సంతకం పెట్టారు.

విందులో ఆయన సోడా గ్లాసుతో గుమ్మం దగ్గర నిలబడ్డారు. పాదిరీ బాబు సూత్తన్నారు, సిన్న గ్లాసులెట్టండ్రా అని పనివారు ఆటపట్టిస్తే ఆయనా నవ్వారట. ఆ రోజు అందరూ క్షేమంగా ఇళ్ళకు చేరారు.

కానీ పర్మిట్టులోనూ నా మాటలే దిగాయి. నిబంధన ప్రకారం గోడకు అంటించిన ఆ కాగితాన్ని మన సంఘస్థుడొకరు చదివారు. ప్రభువు సంఘాన్ని సారాకు పూచీ పెట్టారని కమిటీలో అభియోగం వచ్చింది. ఈ మాట ఎవరు రాయించారని పాస్టరు గారు అడిగారు. కమిటీ కార్యదర్శిని నేనే, మినిట్సు పుస్తకం నా ఒళ్ళో ఉంది. దేవసహాయం గారు నా వైపు చూడలేదు.

"సంతకం నాది," అన్నారు.

నేను ఆ మాట యథాతథంగా పుస్తకంలో రాసుకున్నాను. కలం ఆగలేదు.

ఆ మాట తానే రాయించానని ఒప్పుకుని పశ్చాత్తాపపడేదాకా ఆయన ప్రభువు బల్లకు రాకూడదని, సభ్యుల పట్టీలో పేరు ఉండకూడదని తీర్మానించారు. అబద్ధమాడి ఒప్పుకోవడం ఆయనకు చేతకాదు. నా పేరు చెప్పడం ఇష్టం లేదు. బయట నేను దగ్గరికి వెళితే భుజం మీద చెయ్యి వేశారు.

"నీకు ఆదివారం బడుంది. పిల్లలు నీ మాటింతన్నారు. ఊరుకో."

ఊరుకున్నాను. పెద్దాయన మాటకు లోబడ్డానని నాకు నేను చెప్పుకున్నాను. రెండేళ్ళపాటు ఆయన చివరి బెంచీలో కూర్చుని, రొట్టె విరిచే వేళకు లేచి బయటికి వెళ్ళేవారు. మెట్ల మీద కూర్చుని మనతో పాటే పాడేవారు. ఆ గొంతు వింటూ నేను రొట్టె తిన్నాను, పాత్రలోది తాగాను.

శిక్షలో ఉన్నవారి దేహాన్ని మందిరంలోకి తేకూడదని వాకిట్లోనే ప్రార్థన చేసి సాగనంపాం. ఆయన గురించి మన సంఘ పత్రికకు నన్నే రాయమని ఆయన భార్య, వదిన గారు అడిగారు. నేనంటే ఆయనకు ప్రాణమట.

సహోదరులారా, ఆ మాట చేర్చింది నేను. వద్దన్నది ఆయన. అటువంటి పెద్ద మన సంఘానికి మళ్ళీ దొరకడు. ఆయన పేరు సభ్యుల పట్టీలో తిరిగి ఎక్కించండి. రాసే చెయ్యి మాత్రం నాది కాకూడదు.