అమ్మ సబ్బు, కింది వాటా పిల్ల

నలభై ఏడేళ్ళ వయసులో, సెక్టార్ ఫైవ్ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పదిమంది చేత పని చేయించే నేను, ఒక బట్టల సబ్బు గురించి కుళ్ళుకున్నానంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. శనివారం పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని డాబా తలుపు దగ్గర నిలబడేదాన్ని. అమ్మ పీట మీద కూర్చుని ఉండేది. ఎదురుగా, కింది వాటాలో ఉండే బెంగాలీవాళ్ళ కోడలుపిల్ల గొంతుక్కూర్చుని వెదురుకర్రతో గిన్నెలో తిప్పుతూ ఉండేది. "ఏటి మాషీమా, చాలా?" అనేది. మాషీమా అంటే వాళ్ళ భాషలో పిన్ని. ఆ "ఏటి" మాత్రం మా అమ్మ దగ్గర పట్టింది. మా శ్రీకాకుళం వైపు మాట ఆ పిల్ల నోట వింటే నాకు కడుపులో కారం కొట్టినట్టుండేది.

అమ్మ సబ్బు మా నాన్న బట్టల కోసం పుట్టింది. నాన్న శ్రీకాకుళం నుంచి ఇటు బెంగాల్ వచ్చి సంత్రాగాఛి రైల్వే యార్డులో పనిచేసేవారు. ఆయన చొక్కాలకంటిన గ్రీజు బజారు సబ్బుకి లొంగేది కాదు. క్వార్టర్స్‌లో ఎవరో నేర్పితే అమ్మ కొబ్బరినూనె, కాస్టిక్ సోడాతో సొంతంగా సబ్బు చెయ్యడం మొదలుపెట్టింది. కాస్టిక్‌ని నీళ్ళలో కరిగించి, చల్లారాక నూనెలో పోసి, అట్లపిండిలా చిక్కబడేదాకా ఒకే వైపు తిప్పేది. కాగితం పరిచిన చెక్కపెట్టెలో పోసి, మర్నాడు ముక్కలు కోసి, బీరువా మీద నెలరోజులు ఆరబెట్టేది. ఆరిందో లేదో తెలియడానికి చిన్న పలుకు గిల్లి నాలుక చివర పెట్టుకునేది. చురుక్కుమంటే ఇంకా పచ్చిగా ఉన్నట్టు.

నాన్న పోయి, క్వార్టర్స్ వదిలి దగ్గర్లోనే ఈ అద్దె ఇంటికొచ్చాక కూడా అమ్మ మానలేదు. ఇప్పుడా సబ్బుతో మా తెలుగు చర్చిలో ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతుకుతుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ గుడ్డ మా ఇంటికే వస్తోంది. ఇస్త్రీ చేసి పట్టుకెళ్తే ఆడవాళ్ళు అంచు పట్టుకుని చూస్తారు. సంఘంలో మా ఇంటికున్న గొప్ప అదొక్కటే.

ఆ సబ్బు నాకు రాదు. అమ్మ నేర్పలేదు. కాస్టిక్ డబ్బా మూత తీసే ముందు నా వైపు తిరిగి ఒకటే మాట అనేది: "లోపలికెల్లు." ఆరేళ్ళప్పుడూ అదే, కాలేజీలో చదివేటప్పుడూ అదే. నలభై దాటాక ఒకసారి కర్ర అందుకోబోతే, "నీకెందుకే ఇయన్నీ? ఎల్లి పాటలు సూసుకో," అంది. నేను క్వయర్‌లో పాడతాను. సరే, ఆవిడ పని ఆవిడది అనుకుని నేను వాషింగ్ మెషీన్ కొనుక్కున్నాను. ఆ తర్వాత అమ్మ చేతులకి వణుకు మొదలైంది. ఇక నన్ను పిలుస్తుందనుకున్నాను. కింది వాటా పిల్లని పిలిచింది.

అప్పటినుంచి ఆ పిల్ల చేసే ప్రతిదీ నాకు తప్పుగానే కనిపించేది. చెప్పులు మా గుమ్మం ముందు అడ్డంగా విడుస్తుందనీ, మరీ గట్టిగా నవ్వుతుందనీ అమ్మకి చెప్పాను. తను తెచ్చిచ్చిన సందేశ్ మిఠాయి ఫ్రిజ్‌లో పెట్టి మర్చిపోయినట్టు నటించి, పులిసిపోయాక పారేశాను. పొరుగింటి పుల్లకూర రుచి కదా, ఆవిడకి నా గొడవ వినపడలేదు.

ఒక శనివారం అమ్మ సబ్బు అంచు గిల్లి ఆ పిల్ల నాలుక మీద పెట్టడం చూశాను. ఆ పిల్ల మొహం చిట్లించి తల అడ్డంగా ఊపింది. ఇద్దరూ నవ్వుకున్నారు. నన్నెప్పుడూ ఆ పలుకు చూడమనలేదు. మర్నాడు చర్చిలో పాస్టరయ్యగారి భార్య, "ఈ వయసులో ఇంకా మీరే చేస్తున్నారా?" అని అడిగారు. అమ్మ నా పక్కనే నిలబడి, "నాదేటుందమ్మా, నా సెయ్యి ఆ పిల్లకొచ్చీసింది," అంది. ఆ రోజు రెండో పాటలో నేను శ్రుతి తప్పాను. ఆవిడ కడుపున పుట్టింది నేను. చెయ్యి మాత్రం కింది వాటాకి పోయింది.

ఆ నెలలోనే అమ్మ స్త్రీల సమాజం వాళ్ళతో రెండు రోజులు ఖరగ్‌పూర్ వెళ్ళింది. శనివారం పొద్దున నేనొక్కదాన్నే డాబా మీద అన్నీ పేర్చుకున్నాను. ఇన్నేళ్ళు తలుపు సందులోంచి చూశాను, ఇందులో బ్రహ్మవిద్య ఏముందిలే అనుకున్నాను. చప్పుడు విని ఆ పిల్ల పైకొచ్చింది. "మాషీమా వచ్చాక చేద్దాం దీదీ, ఒక్కదానివే వద్దు," అంది బెంగాలీలో.

"ఇది మా అమ్మ సబ్బు. నువ్వు నాకు చెప్పనక్కర్లేదు," అన్నాను.

గిన్నెలో కాస్టిక్ పోసి, దాని మీద చెంబుడు నీళ్ళు గుమ్మరించాను. నీళ్ళలో కాస్టిక్ కొద్దికొద్దిగా వెయ్యాలి గాని కాస్టిక్ మీద నీళ్ళు పొయ్యకూడదట. తలుపు సందులోంచి ఆ తేడా కనిపించదు. గిన్నె బుస్సుమని పొంగి నా మణికట్టు మీద చిమ్మింది.

ఆ పిల్ల నన్ను కుళాయి దగ్గరికి ఈడ్చుకుపోయింది. అరగంట సేపు నా చెయ్యి ధార కిందినుంచి తియ్యనివ్వలేదు. నేను లాక్కోబోతే ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆ గుంజులాటలో తన చేతికున్న శంఖం గాజులు పైకి జరిగాయి. కింద మూడు మచ్చలు కనిపించాయి.

"ఇవేంటి?" అన్నాను.

"మొదటి నెలలో పడ్డాయి. మాషీమాకి చెప్పకు. తెలిస్తే నేర్పడం మానేస్తుంది." గాజులు మళ్ళీ కిందికి లాక్కుంది. నా మొహం చూడకుండా అంది. "నిన్నయితే లోపలికెళ్ళమంటుంది. నన్నెప్పుడూ అనలేదు. మా అమ్మ కూడా నన్ను ఏ పని దగ్గరా అలా అనేది కాదు."

చెయ్యి భగభగ మండుతోంది.

ఆదివారం సాయంత్రం అమ్మ వచ్చింది. నా చేతికున్న కట్టు చూసి, ఏం జరిగిందని ఒక్క ముక్క అడిగింది. సబ్బు చేయబోయానన్నాను. సంచి కింద పెట్టకుండానే మెట్ల దగ్గరికి పోయి ఆ పిల్లని కేకేసింది. తను పైకొచ్చాక సగం తెలుగులో, సగం బెంగాలీలో దులిపేసింది. "నువ్వుండి దాన్ని ఎలగ ముట్టుకోనిచ్చావు? నీకు తెల్దేటి? నలబై ఏల్లు దాని సేతికి ఒక్క సుక్క తగలకుండా సూసుకున్నాను." ఆ పిల్ల తల దించుకుంది. తను వద్దన్నా నేను వినలేదని చెప్పలేదు.

ఇక్కడ నిజం చెప్పాలి. నాకు సంతోషమేసింది. నెలల తరబడి నా కడుపులో ఉన్న మంట ఆ పిల్ల మొహంలో కనిపించింది. నన్ను ఎందుకు లోపలికెళ్ళమనేదో నాకూ అప్పుడే తెలిసింది, తనకీ తెలిసింది. "తప్పు నాది, తను వద్దనే అంది" అంటే సరిపోయేది. నేను కట్టు సర్దుకుంటూ కూర్చున్నాను.

తర్వాతి శనివారం ఆ పిల్ల రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు. బీరువా మీద ఒక్క ముక్కే మిగిలింది. అమ్మ తనే తిప్పబోతే కర్ర రెండుసార్లు చేతిలోంచి జారింది. మూడోసారి జారాక తియ్యకుండా అలాగే కూర్చుండిపోయింది. అప్పుడు కూడా నన్ను పిలవలేదు, మెట్ల వైపే చూస్తోంది. అది చూసి ఉండబట్టలేక అంతా చెప్పేశాను. తను వద్దన్న మాట, నేను కసిరిన మాట, గాజుల కింద మచ్చలు.

"ఏ మచ్చలే?" అంది అమ్మ. తర్వాత చాలాసేపు తన చేతులకేసి చూసుకుంది. "నానెప్పుడూ సూడ్నేదు," అంది. పక్కన మనిషి లేనిదే మెట్లు దిగని అమ్మ, గోడ పట్టుకుని ఒక్కతే కిందికి దిగింది. నేను వెనకాల వెళ్ళలేదు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ వచ్చే శనివారం ఆ పిల్ల పైకొచ్చింది. చెప్పులు మా గుమ్మం ముందు అడ్డంగానే విడిచి, గొంతుక్కూర్చుని కర్ర అందుకుంది. నేను కాఫీ గ్లాసుతో నా తలుపు దగ్గర నిలబడ్డాను. అమ్మ కాస్టిక్ డబ్బా ముందుకి లాక్కుని, మూత మీద చెయ్యి వేసి నా వైపు చూసింది.

"లోపలికెల్లు."

తర్వాత ఆ పిల్ల వైపు తిరిగింది. "నువ్వూ ఎల్లు. కలిపేక పిలుస్తాను."

ఆ పిల్లకి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక కర్ర కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గబగబా వచ్చి నా పక్కన తలుపు సందులో నిలబడింది. కళ్ళు తుడుచుకుంటోంది. నేను లోపలికెళ్ళి ఇంకో గ్లాసులో కాఫీ పోసి తెచ్చి తన చేతికిచ్చాను. పైకి అంత మంచిదాన్నే. లోపల మళ్ళీ అదే కారం. చెయ్యి ఎలాగూ ఆ పిల్లకే పోయింది. ఆ ఒక్క మాటైనా నాకే ఉంటుందనుకున్నాను.