ఎర్ర బిరడ జారింది

మా అమ్మాయి ఇంటర్ చదువుతోందని పేరే గానీ, సగం చదువు కొరియా సీరియళ్లలోనే సాగుతోంది. ఒక సాయంత్రం వంటింట్లో వంకాయలు తరుగుతుంటే దాని ఫోన్‌లోంచి ఎవరో ఆడమనిషి ముక్కుతో ఏడుస్తున్నట్టు వినబడింది. కత్తిపీట వదిలేసి పరిగెత్తి చూస్తే మనిషి కాదు, వాయిద్యం! చిన్న చెక్క డొల్ల, దానిమీద నిలబెట్టిన కర్ర, రెండంటే రెండు తీగలు. రాజుగారి కోటలో ఒకామె కళ్లు మూసుకుని కమాను లాగుతోంది. "దీన్ని హేగుమ్ అంటారమ్మా," అంది మా పిల్ల, తనేదో ఆ కోటలోనే పుట్టినట్టు. నాకు ఒళ్లు ఝల్లుమంది. చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకుని, పెళ్లయ్యాక ఆ పెట్టె మూత కూడా తియ్యనిదాన్ని. ఇక ఆ రోజు నుంచి నాకు అదే యావ.

ఎంత వెతికినా హేగుమ్ దొరకలేదు. దాని చైనా అక్కగారు దొరికింది, పేరు అర్హు. పార్సెల్ నర్సీపట్నం చేరిందని ఫోన్ రాగానే, కుడుతున్న జాకెట్టు మిషను మీదే వదిలేసి వెళ్లి తెచ్చుకున్నాను. పెట్టె విప్పాను. కమాను బయటికి రాదే! రెండు తీగల మధ్య ఇరుక్కుని ఉంది. ఎవడో తిక్కలోడు ప్యాకింగులో ఇరికించేశాడని తిట్టుకుంటూ లాగుతుంటే మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, తెంపేస్తావా ఏంటి? అది అక్కడే ఉంటుంది!" నిజమే. ఆ కమాను కాపురమంతా ఆ తీగల మధ్యే. అత్తకీ ఆడపడుచుకీ మధ్య కోడలిలాగా, ఎటు కదిలినా ఎవరో ఒకరికి తగలాల్సిందే.

ఇక నా సంబరం చెప్పనలవి కాదు. ఒక తీగ సా, రెండోది పా. అంతే! ఫోన్‌లో పాఠం చెప్పే చైనా ఆవిడ మాట ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు గానీ, తెర మీద స్వరాలు అంకెల్లో పడేవి. ఒకటి అంటే సా, రెండు అంటే రి. ఓసి నీ దుంప తెగ, ఇది మన సరిగమలే కదా అని గంతేశాను. వేలు నొక్కడానికి కింద పలకైనా లేదు, గాల్లో తీగ మీదే వేలు జార్చాలి. ఒక్కటే లోటు. తీగలు బిగించే రెండు బిరడల్లో ఒకటి దారిలోనే చీలిపోయి వచ్చింది.

అసలు గండం మా అత్తగారి రూపంలో వచ్చింది. ఆవిడ గొలుగొండ దగ్గర పొలాల్లో పుట్టి పెరిగిన మనిషి. కళ్లజోడు సవరించుకుని డొల్ల మొహంలోకి తొంగి చూసింది.

"ఏటే ఆ పొడలు? పాము తోలు కాదేటి?"

"పాము తోలు కాదండీ అత్తయ్యా, ఫ్యాక్టరీలో అలా అచ్చేస్తారు."

"అచ్చో నిజమో పాముకి తెలుస్తాదేటి? నాగుల సవితికి పుట్టలో పాలోసొచ్చి, ఇంట్లో పాము తోలు మీద గీకుతావా? సవితిలోగా ఇది గుమ్మం దాటాల."

నాకు కోపం నషాళానికంటింది. ఇరవయ్యేళ్లుగా ఈ ఇంట్లో నాకంటూ అడిగి తెచ్చుకున్న వస్తువు అదొక్కటే. రెండు రోజులు గిన్నెలు చప్పుడు చేస్తూ తోమాను. మూడోనాడు ఉన్నట్టుండి వెలిగింది. హేగుమ్‌కి తోలు లేదు! మొహానికి పలచటి చెక్కే! చైనా అక్కకి కొరియా చెల్లి మొహం పెడితే పోలా?

స్కూటీ తీసి ఏటికొప్పాక వెళ్లాను. అక్కడ లక్కబొమ్మలు చేసే ఒకాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏటండిది, గిలక్కాయా?" అన్నాడు. అప్పడం అంత పలచగా చెక్క మొహం, ఒక కొత్త బిరడ కావాలన్నాను. చెక్కకి లక్క వేస్తే గొంతు మూసుకుపోతుందండీ, వద్దు, అని మరీ మరీ చెప్పాను. చెప్పినట్టే చేశాడు. బిరడకి కూడా లక్క వద్దని నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. అది మాత్రం ఎర్రగా, పసుపు గీతలతో, మొగలి ఆకుతో పట్టిన మెరుపుతో వచ్చింది.

"బోసి కర్ర ఎలా ఇచ్చెయ్యమంటారండీ? మా ఊరి సరుకని సెప్పుకోవద్దా?"

నాకూ ముద్దొచ్చింది. తీగ బిగించాక తెలిసింది ఆ ముద్దు ఏపాటిదో. నున్నటి బిరడ రంధ్రంలో నిలవదు. బిగిస్తే జారుతుంది, మళ్లీ బిగిస్తే మళ్లీ జారుతుంది.

చవితి రానే వచ్చింది. పుట్ట దగ్గర్నించి రాగానే అత్తగారు చలిమిడి పళ్లెం కింద పెట్టి, కాళ్లు చాపుకుని కూర్చుంది. "తోలు తీయించావు, బాగుంది. ఏదీ, వాయించు. పిల్లి పీక నొక్కినట్టుంటే మాత్రం అటకెక్కించేస్తాను."

జోలపాట అందుకున్నాను. స్వరం తప్పలేదు, తాళం తప్పలేదు. ఆవిడ మొహంలో ఏ కదలికా లేదు. చలిమిడి నములుతోంది. అయిపోయింది, అటకే దీని గతి అనుకుంటూ ఆఖరి స్వరం లాగుతుండగా ఎర్ర బిరడ జారింది. తీగ వదులై, స్వరం మెల్లగా కిందికి, కిందికి దిగిపోయింది. సిగ్గుతో చచ్చిపోయి బిరడ మీద చెయ్యి వెయ్యబోయాను.

"ఆగే! ముట్టుకోకు," అంది. నమలడం ఆపేసింది. "ఇందాకట్నించీ సదివింది. ఇప్పుడు పాడింది."

నాకు అర్థం కాలేదు.

"ఊడుపుల్లో నారు నాటుతా మేం పాడేవోళ్లం. పాట సివర గొంతు అలాగే జారిడిసేయాల. అలా దించితేనే పక్క మడోళ్లకి తెలుస్తాది, ఇంక మనదే వంతని. ఆళ్లు అందుకుంటారు."

అని, గొంతు సవరించుకుని పాడింది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ పాడగా నేను విన్నది అదే మొదలు! కూర్చున్నచోటే నడుం కాస్త వంచి, చేతిలో నారు ఉన్నట్టు వేళ్లు కదుపుతూ పాడింది. మా అమ్మాయి ఫోన్ పక్కన పడేసి గుమ్మంలో నిలబడిపోయింది. పాట చివర అత్తగారి గొంతు జారింది, అచ్చం ఆ ఎర్ర బిరడ జారినట్టే. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అలాగే చూస్తూ కూర్చున్నాను.

"అలా సూస్తావేటే? పక్క మడిలో ఉన్నది నువ్వే కదా. బేగి అందుకో!"

అందుకున్నాను.