తోడల్లుళ్ళలో మూడోవాడు

ఆదివారం ఉదయం న్యూజీలాండ్‌లోని లోవర్ హట్‌లో విద్యాసాగర్ కాఫీ కప్పుతో కంప్యూటర్ ముందు కూర్చునేసరికి న్యూజెర్సీలో శనివారం సాయంత్రం, జర్మనీలో శనివారం రాత్రి అయ్యేది. స్కైప్ మోగేది. పెద్ద తోడల్లుడు ఈశ్వరరావు అమెరికా నుంచి, రెండో తోడల్లుడు దామోదర్ స్టుట్‌గార్ట్ నుంచి లైన్లోకి వచ్చేవారు. భార్యలు ముగ్గురూ అక్కచెల్లెళ్ళు. వాళ్ళ మాటలు పది నిమిషాల్లో అయిపోయేవి. ఆ తర్వాత మగవాళ్ళు గంటసేపు దేశాల గురించి మాట్లాడుకునేవారు. నిజానికి మాట్లాడేది ఆ ఇద్దరే. మూడోవాడైన విద్యాసాగర్ వినేవాడు. వింటూ కుళ్ళుకునేవాడు.

ఆ కుళ్ళుకు చరిత్ర ఉంది. ముగ్గురూ సాఫ్ట్‌వేర్ మనుషులే. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచం భయపడిన రోజుల్లో ఈశ్వరరావు అమెరికా వెళ్ళిపోయాడు. జర్మనీ వాళ్ళు కంప్యూటర్ పనివాళ్ళకోసం ప్రత్యేకంగా తలుపు తీసినప్పుడు దామోదర్ అందులోంచి లోపలికి జారుకున్నాడు. విద్యాసాగర్‌ది ఆలస్యమైన బ్యాచ్. తెనాలిలో ఎం.సీ.ఏ. పూర్తిచేసి, హైదరాబాదులో రెండేళ్ళు పనిచేసి, అమెరికా వీసా చేతికొచ్చేనాటికి అక్కడి కంపెనీలు ఉన్నవాళ్ళనే ఇంటికి పంపుతున్నాయి. తీసుకుంటానన్న కంపెనీ ఫోను ఎత్తడం మానేసింది. ఏడాది చూసి, చివరికి పాయింట్ల లెక్కన మనుషుల్ని పిలుస్తున్న న్యూజీలాండ్‌కు దరఖాస్తు పెట్టాడు. అడగ్గానే రమ్మన్న దేశం మీద అతనికి గౌరవం కుదరలేదు.

పెళ్ళి కూడా ఆ తర్వాతే అయింది. కిరణ్మయిని చూసుకోవడానికి వెళ్ళినప్పుడు ఆమె మేనత్త "పెద్దవాళ్ళిద్దరూ అమెరికా, జర్మనీ. ఈ అబ్బాయి ఆస్ట్రేలియా పక్కన" అని పరిచయం చేసింది. ఆ 'పక్కన' అన్న మాట అతనికి ఏళ్ళతరబడి చెవిలో ఉండిపోయింది.

ఈశ్వరరావు ఇంట్లో కార్లు నిలిపే గదే విద్యాసాగర్ హాలంత ఉండేది. దామోదర్ ఇంట్లో జనవరిలో కూడా బనీనుతో తిరిగేవాడు. గోడగోడకీ వేడి గొట్టాలు. లోవర్ హట్‌లో విద్యాసాగర్ కొన్నది చెక్క ఇల్లు. చలికాలంలో ఒకే హీటరును గదిగదికీ ఈడ్చుకుంటూ, ఇంట్లోనే స్వెట్టరు, మేజోళ్ళు వేసుకుని తిరగాలి. కెమెరా ముందు కూర్చునే ముందు మాత్రం స్వెట్టరు విప్పేవాడు.

ఈశ్వరరావు వాదన ప్రకారం ప్రపంచం మొత్తాన్నీ అమెరికా నడుపుతోంది, యూరప్ సెలవులో ఉంది. దామోదర్ దానికి సమాధానంగా తన సెలవులు లెక్కచెప్పేవాడు. ఏడాదికి ఆరు వారాలు. జ్వరం వస్తే డాక్టరు చీటీ చాలు, జీతం ఆగదు. ఆదివారం ఊళ్ళో కొట్టు తెరవరు, పక్కింటివాడు సుత్తి పట్టుకోడు. మీరు సంపాదించేది ఆస్పత్రికి కట్టడానికే కదన్నయ్యా అనేవాడు. మీరు కట్టే పన్నుతో మేం ఇంకో ఇల్లు కొంటాం అని ఈశ్వరరావు తిప్పికొట్టేవాడు. ఇద్దరూ సంతోషంగా పోట్లాడుకునేవారు. గొప్పలు ఉన్నవాళ్ళకే సాధ్యమయ్యే పోట్లాట అది.

ఒకసారి దేవుడి సంగతి వచ్చింది. ఈశ్వరరావు తమ ఊళ్ళో కడుతున్న వెంకటేశ్వరస్వామి గుడి కమిటీలో సభ్యుడు. శిల్పులు తమిళనాడు నుంచి వచ్చారట. అమెరికాలో ప్రభుత్వం దేవుడి జోలికి రాదు, ఏ దేవుడని అడగదు, కార్లు ఎక్కడ పెడతారని మాత్రమే అడుగుతుంది అన్నాడు. దామోదర్ నవ్వి, జర్మనీలో అడుగుతారన్నయ్యా, అడిగి పన్ను కూడా వేస్తారు అన్నాడు. దిగిన కొత్తలో నగర కార్యాలయంలో ఇచ్చిన కాగితంలో ఒక గడి చూసి, మన ఇనీషియల్సే అడుగుతున్నారనుకుని ఆర్.కె. అని రాశాడట. అతని పూర్తిపేరు రేపల్లె కృష్ణ దామోదర్. తీరా అది మతం గడి. జర్మనీలో ఆ రెండక్షరాలకు రోమన్ కాథలిక్ అని అర్థం. శ్రీవైష్ణవుల ఇంట్లో పుట్టినవాడి జీతంలోంచి ఏడాదిపాటు చర్చి పన్ను కోశారు. ఈశ్వరరావు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు.

"మరి మీ దగ్గరెలా తమ్ముడూ?" అన్నాడు తేరుకున్నాక.

"ఇక్కడెవరూ ఏమీ అడగరన్నయ్యా."

"అడగరంటే స్వేచ్ఛ అనుకోవాలా, పట్టించుకోలేదనుకోవాలా?"

మళ్ళీ ఇద్దరూ నవ్వారు. విద్యాసాగర్ కూడా నవ్వాడు. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

రెండువేల ఎనిమిది మధ్యలో అతనికి ఒక అవకాశం కనపడింది. అతను రోజూ రైలెక్కి వెల్లింగ్టన్‌లో ఒక బీమా కంపెనీకి వెళ్ళి పనిచేసేవాడు. అక్కడ టీమ్ లీడ్ పదవి ఖాళీ కాబోతోందని తెలిసింది. జీతం పెద్దగా పెరగదు. కానీ ఆదివారం ఉదయం చెప్పుకోవడానికి ఒక మాట దొరుకుతుంది. మాట్లాడే వంతు వస్తుంది. ఆరేళ్ళలో అతను ఏదీ అంతగా కోరుకోలేదని కిరణ్మయికి తెలుసు.

పోటీలో ఉన్నది మరొక్కడే. ఒంగోలు వైపు నుంచి వచ్చిన ఎలియాస్. భార్య లవ్లీ నర్సు. ఇద్దరూ లోవర్ హట్‌లోనే ఉండేవారు. ఎలియాస్ ఐదు కొట్టేసరికి కుర్చీ వెనక్కి తోసేవాడు. బుధవారాలైతే నాలుగున్నరకే, చర్చిలో పాటల ప్రాక్టీసు ఉందని మేనేజరు గ్లెనిస్‌కు చెప్పి మరీ వెళ్ళేవాడు. ఆవిడ ఏం పాటలని అడిగేది. శుక్రవారం సాయంత్రాలు అందరూ బీరు తాగుతుంటే నారింజరసం గ్లాసుతో మధ్యలో నిలబడి రగ్బీ మాట్లాడేవాడు. ఆ సులువు ఎక్కడ దొరుకుతుందో విద్యాసాగర్‌కు అంతుపట్టేది కాదు. అమెరికావాడి ఇల్లు చూసినా, జర్మనీవాడి సెలవులు విన్నా కలిగే మంట ఒక ఎత్తు. పక్క బల్ల మీదివాడు హాయిగా సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోతుంటే కలిగేది ఇంకొక ఎత్తు.

సలహా కోసం ఈశ్వరరావును విడిగా అడిగాడు. పెద్దాయన ఉత్సాహపడ్డాడు. బాస్ వెళ్ళేదాకా కుర్చీలోంచి లేవకు, శనివారాలు కూడా మెయిల్ కొట్టు, నీ గురించి నువ్వు చెప్పకు, రాత్రిదాకా వెలిగే నీ బల్లమీది లైటు చెప్పాలి అన్నాడు. తను న్యూయార్క్ బ్యాంకులో పైకొచ్చింది అలాగేనని చెప్పాడు. విద్యాసాగర్ దామోదర్‌ను కూడా అడిగి ఉండవచ్చు. కానీ ఆయన ఇల్లు చిన్నది.

మర్నాటినుంచి విద్యాసాగర్ చీకటిపడ్డాకే లేచేవాడు. పనిలేకపోతే ఉన్న పనినే మళ్ళీ చూసేవాడు. వారం తిరక్కముందే గ్లెనిస్ అతని బల్ల దగ్గర ఆగి, నువ్వు మరీ ఎక్కువ కష్టపడుతున్నావు అంది. హైదరాబాదులో పై అధికారి ఆ మాటంటే వెంటనే ఇంటికి ఫోన్ చేసి చెప్పుకుంటారు. అతనూ చెప్పాడు. కిరణ్మయి ఆ పూట పాయసం వండింది. ఇంకో వారానికి గ్లెనిస్ ఇంట్లో అంతా బాగానే ఉందా అని అడిగింది. ఇంటి మంచీచెడూ అడిగేంత దగ్గరయ్యానని అనుకున్నాడు.

ఆ ఏడు వినాయక చవితి బుధవారం వచ్చింది. ఆఫీసుకు పండగని చెప్పి సెలవడగడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు. అడిగితే తన పూజాపునస్కారాలు పదిమందికీ తెలుస్తాయి, తనను వేరుగా చూస్తారని అతని అనుమానం. ఏటా చేసే పనే ఈసారీ చేశాడు. పొద్దున్నే ఫోన్ చేసి, గొంతు బొంగురు చేసుకుని, ఒంట్లో బాలేదన్నాడు. తర్వాత స్నానం చేసి, పెరట్లో దొరికిన ఆకులన్నీ పత్రిగా పెట్టి, వ్రతకథ చదివి, ఉండ్రాళ్ళు తిని పడుకున్నాడు.

సెప్టెంబరు ఆఖరున గ్లెనిస్ పిలిచి తలుపు వేసింది. టీమ్ లీడ్‌గా ఎలియాస్‌ను తీసుకుంటున్నామని మెత్తగా చెప్పింది. విద్యాసాగర్ పని నాణ్యతలో ఏ లోపం లేదంది. అయితే తన పనే పనిగంటల్లో పూర్తికాని మనిషికి ఇంకో అయిదుగురి పని అప్పగించడం అతనికే అన్యాయమంది. శనివారాలు కూడా మెయిళ్ళు రాస్తున్నావు, మధ్యలో జబ్బుపడ్డావు, మాకు కంగారుగా ఉంది అంటూ, కంపెనీ ఖర్చుతో మాట్లాడదగిన కౌన్సెలర్ నంబరొకటి చేతిలో పెట్టింది. నేను చూపించింది శ్రద్ధండీ అని చెప్పడానికి అతనికి ఇంగ్లీషు చాలలేదు.

ఆ సాయంత్రం ఐదింటి రైల్లో ఎలియాస్ వచ్చి ఎదురు సీట్లో కూర్చున్నాడు. కాసేపు కిటికీలోంచి సముద్రం చూశాడు.

"ఏమనుకోవద్దు సాగర్ గారూ. గ్లెనిస్ నన్నో మాట అడిగింది. ఈయనకి ఏటా ఈ రోజుల్లోనే ఒక్కరోజు జ్వరం వస్తుందే, ఏం జబ్బంటావు అంది."

"మీరేమన్నారు?"

"తెలీదన్నాను. మీ వినాయకుడికి నేను మెడికల్ సర్టిఫికెట్ ఇవ్వలేను కదా."

విద్యాసాగర్ ఒళ్ళోని సంచీ సర్దుకున్నాడు.

"పండగని చెబితే ఆవిడే వెళ్ళిరమ్మనేదండీ. ఉండ్రాళ్ళు తెచ్చిపెట్టమని కూడా అడిగేది. మా ఊళ్ళో స్కూల్లో చేరేటప్పుడు మా నాన్న నా పేరుతో పాటు మతం కూడా దాచాడు. హిందువునని రాస్తేనే ఎస్సీ స్కాలర్‌షిప్పు వచ్చేది మరి. ఇక్కడికొచ్చాక దాచడం మానేశాను. మీకు అక్కడ దాచే అవసరమే రాలేదు. ఇక్కడికొచ్చి మొదలెట్టారు."

ఎలియాస్ హేళనగా అనలేదు. హేళనగా అనుంటే విద్యాసాగర్‌కు కొంత సుఖంగా ఉండేది. దిగేటప్పుడు, రేపటినుంచి మాత్రం ఐదయ్యాక మీ లైటు నేనే ఆర్పుతాను అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆ నవ్వు అతనితోపాటు ఇంటిదాకా వచ్చింది.

తర్వాతి ఆదివారం తలనొప్పి అని స్కైప్ దగ్గరకు రాలేదు. ఆపై ఆదివారం కిరణ్మయి ఊరుకోలేదు. ఎప్పటికైనా చెప్పాల్సిందే కదండీ, ఒక్కసారి చెప్పేసెయ్యండి అంది. ఎలా చెప్పాలో రెండు వాక్యాలు సిద్ధం చేసుకుని కూర్చున్నాడు.

వాటి అవసరం రాలేదు. ఈశ్వరరావు కెమెరా ఆపేసుకుని మాట్లాడాడు. అంతకుముందు మంగళవారం బ్యాంకువాళ్ళు తనతోపాటు ఆ అంతస్తు మొత్తాన్నీ పంపేశారట. సామాను అట్టపెట్టెలో పెట్టి ఇచ్చి, లిఫ్ట్ దాకా కాపలావాడు తోడొచ్చాడట. వీసా ఇంకా కంపెనీ మీదే ఉంది. గ్రీన్‌కార్డు ఆరేళ్ళుగా వరుసలో ఉంది. ఆయన భార్య శకుంతల వెనకనుంచి ఏడుస్తోంది. దామోదర్ భార్య ప్రభావతి జర్మనీకి వచ్చెయ్యండక్కా అంటోంది. దామోదర్ తన కంపెనీలో అడుగుతానన్నాడు గానీ, జర్మన్ రానిదే కష్టమన్నాడు.

విద్యాసాగర్‌కు మొదట లోపల ఏదో చల్లబడింది. అది ఎక్కువసేపు నిలవలేదు. అందరి గొంతులూ ఈశ్వరరావు చుట్టే ఉన్నాయి. నీ టీమ్ లీడ్ సంగతేమైందని ఎవరూ అడగలేదు. పడిపోవడంలో కూడా ఆయనే ముందున్నాడు, అదీ పై అంతస్తునుంచి పడ్డాడు.

"తమ్ముడూ," అన్నాడు ఈశ్వరరావు. ఆ గొంతులో అడగడం అలవాటులేని మనిషి తడబాటు ఉంది. "మీ దగ్గరేమైనా చూడగలవా? చిన్నదైనా సరే."

ఎలియాస్ పైకి వెళ్ళడంతో అతని పాత సీటు ఖాళీగా ఉంది. తెలిసినవాళ్ళుంటే చెప్పమని ఎలియాసే అన్నాడు. ఆ సీటు విద్యాసాగర్ బల్ల పక్కనే. ఈశ్వరరావు వచ్చి తన పక్కన కూర్చుంటే ఎలా ఉంటుందో అతను ఒక్క క్షణం ఊహించుకున్నాడు. సమానంగా ఉంటుంది. ఏడాది తిరిగేసరికి ఆయన రగ్బీ నేర్చుకుని, గుడి కమిటీ పెట్టి, పై కుర్చీలో ఉంటాడు.

"ఒకటి ఉందన్నయ్యా. సీవీ పంపండి, నేనే ఇస్తాను."

"నువ్వు మనిషివోయ్," అన్నాడు ఈశ్వరరావు. ఆపైన, "అక్కడి పద్ధతులు నాకు తెలీవు. ముందే జాగ్రత్తపడాల్సిందేమైనా ఉంటే చెప్పు" అన్నాడు.

కిరణ్మయి భర్త వైపు చూసింది.

"వేరే ఏం లేవన్నయ్యా. అక్కడ ఎలా చేశారో ఇక్కడా అలాగే."

ఆమె కుర్చీ వెనక్కి జరిపి లేచింది. ముగ్గురక్కచెల్లెళ్ళలో ఆమె కూడా చిన్నదే. కాఫీ కప్పులు తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

సాయంత్రానికల్లా సీవీ వచ్చింది. విద్యాసాగర్ దాన్ని ఎలియాస్‌కు పంపుతూ, కింద తన సిఫార్సు రాశాడు. తుడిచి మళ్ళీ రాశాడు. ప్రతి ముక్కా నిజమే అయ్యేలా చూసుకున్నాడు. ఈశ్వరరావుగారు నాకు బాగా తెలిసిన మనిషి, అపారమైన అనుభవం ఉన్నవారు, రాత్రి ఎంతసేపైనా ఆఫీసు వదిలి వెళ్ళరు, శనాదివారాలు కూడా పనిచేస్తారు, సెలవంటే ఎరగరు.